సెకనున్నర ముందు

చంకకర్ర రెండోసారి దిగేసరికి ల్యాప్‌టాప్ నడిమికి విరిగింది. మొదటి దెబ్బకు శ్రీవాణి చెయ్యి అడ్డం పెట్టింది కాబట్టి అది చేతికి తగిలింది. రెండోసారి అడ్డం పెట్టే ధైర్యం ఆమెకు లేకపోయింది.

రిత్విక్ అంతటితో ఊరుకోలేదు. కుడికాలికి తొడదాకా కట్టు ఉంది. ఒంటికాలి మీద నిలబడటమే గగనం. అయినా గోడకు వీపు ఆనించుకుని మూడోసారి కొట్టాడు, నాలుగోసారి కొట్టాడు. కీబోర్డు మీటలు అన్నం బల్ల మీది నుంచి రాలి వంటింటి గడపదాకా దొర్లాయి. ఉప్మా గిన్నె కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"ఇంక జూపియ్యి వదినె," అన్నాడు రొప్పుతూ. "ఎవలకు జూపిస్తవో జూపియ్యి."

ఆరు వారాల కిందట ఈ చేతులే స్పెయిన్‌లో రెండువందల అరవై వేగంతో పోయే కారును వెంట్రుకవాసి పక్కకు పోకుండా పట్టుకున్నాయి. ఇవాళ హాలియాలో, కన్నతల్లి వంటింటి ముందర, ఒక కంప్యూటరు మీద పడ్డాయి. బలం అంతే ఉంది. పనికే దిగజారుడు వచ్చింది.

నాగరాజు ఇదంతా చేతులు కట్టుకుని చూశాడు. ఒకపక్క కొట్టేది తమ్ముడు. ఇంకోపక్క దెబ్బ తిన్నది పెళ్లాం. అతను కదలలేదు. అందులోనే అతను ఏ పక్కనో శ్రీవాణికి తెలిసిపోయింది.

ఆ ల్యాప్‌టాప్‌లో ఒక గీత ఉంది. స్పెయిన్‌లో జరిగిన నాలుగో పందెంలో, ప్రమాదానికి ముందు రిత్విక్ కారు బ్రేకు ఎప్పుడు పడిందో, ఎంత గట్టిగా పడిందో చూపించే ఎర్రగీత. కారు తగలబడి అందులో ఉన్న రికార్డు పెట్టె కూడా కాలిపోయింది. పరుగు మధ్యలో సిగ్నలుగా గాలిలో వచ్చి, అదే జట్టులో ఇంజినీరుగా ఉన్న శ్రీవాణి కంప్యూటరులో పడ్డ గీత ఒక్కటే మిగిలింది. ఆ చోట సిగ్నలు అందలేదని ఆమె మొదటిరోజే జట్టు మేనేజరుకు చెప్పింది. అబద్ధమే చెప్పింది. మరిది ఆసుపత్రి మంచం మీద తెలివిలేకుండా ఉంటే ఆమె నోటికి వేరే మాట రాలేదు. ఇవాళ పొద్దున భర్తను కూర్చోబెట్టి, ఇక అబద్ధం ఆడలేనని చెప్పి, ఆ గీత తెరిచి చూపించింది. వెనక రిత్విక్ వచ్చి నిలబడ్డ సంగతి చూసుకోలేదు.

ఇప్పుడా గీత లేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పందేల సంఘం వాళ్ల విచారణ.

*

చప్పుడుకు అన్నదమ్ముల తండ్రి లింగయ్య పెరట్లో నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లు మేళ్లచెరువు సిమెంటు లారీ నడిపిన మనిషి. ఇప్పుడు లారీలు పెద్దకొడుకు చూసుకుంటున్నాడు గానీ, ఇంజను చప్పుడు తేడాగా ఉంటే ఇప్పటికీ అన్నం ముందునుంచి లేచిపోతాడు. గడపలో నిలబడి విరిగిన తెర చూశాడు, కోడలి చేతి మీద ఉబ్బిన వాపు చూశాడు.

ఏమైందని అడిగాడు.

ఆయన భార్య పుష్పమ్మ చీపురు తెచ్చి మీటలు ఊడవసాగింది. ఆ ఇంట్లో ఏం జరిగినా ముందు ఊడ్చేది ఆమే. ఊడ్చిపారేస్తే జరగనట్టే అని ఆమె నమ్మకం.

చివరికి నాగరాజే చెప్పాడు. శ్రీవాణి సంతకం పెట్టనంటున్నదని చెప్పాడు. గీత సంగతి మాత్రం మింగేశాడు.

విచారణకు పంపడానికి ఆమె సంతకం పెట్టవలసిన కాగితంలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. ఆ రోజు కారును ఆపమని రేడియోలో తానే చెప్పానని, తన మాట విని డ్రైవరు బ్రేకు వేశాడని, వెనక వచ్చే కారుకు అందుకే తప్పించుకునే వీలు లేకపోయిందని, తప్పు తనదేనని. వెనక కారు నడిపింది రెనే అనే బెల్జియం పిల్లవాడు, ఇరవై రెండేళ్లవాడు. నడుము దగ్గర వెన్నుపూస నుజ్జయింది. ఇక నడవలేడని డాక్టర్లు తేల్చేశారు.

తప్పు శ్రీవాణిదైతే రెండేళ్లు ఆమె పందేల దరిదాపులకు పోకూడదు. రిత్విక్ కావాలని బ్రేకు వేశాడని తేలితే జన్మలో మళ్లీ స్టీరింగు పట్టనివ్వరు, ఆపైన రెనే వాళ్లు కోర్టుకు ఎక్కుతారు. నాగరాజు ఈ రెండూ తూచి చూశాడు. కోడలు పోగొట్టుకునేది ఆ ఇంట్లో ఎప్పుడూ తేలికే తూగుతుంది.

"నువ్వు ఇంజినీరువు. గాడ గాకుంటే ఇంకోకాడ కొలువు దొరుకుతది," అన్నాడు. "వాడు కారు లేకుంటే బతుకుతడా? ఆ మాట నువ్వు అననే లేదా? జర ఆగు అన్నది నువ్వు గాదా?"

అన్నది. ఆ మాట ఇవాళ జిల్లాలో ఎవరి ఫోనులో చూసినా వినిపిస్తున్నది. ఎవరో ఆ రికార్డు బయటికి వదిలారు. నల్గొండలో శ్రీవాణి తండ్రి భీమయ్య మగ్గం మీద కూర్చుని ఉంటే పక్కింటివాళ్లు వచ్చి వినిపించిపోయారట.

తెలుగు మాట పందెం రేడియోలోకి ఎట్లా పోయిందన్నది చిత్రమైన కథ. ఆరు పందేల సీజను. ఒక్కో పందెం ఆరు గంటలు. ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా. రేడియోలో ఎవరేం మాట్లాడుకున్నా మిగతా జట్లు చెవులు రిక్కించి వింటాయి. ఇంగ్లీషు అందరికీ వచ్చు, ఫ్రెంచి సగంమందికి వచ్చు. హాలియా తెలుగు ఎవడికీ రాదు. ఇటలీలో జరిగిన మొదటి పందెంలో వదినా మరుదులు తెలుగులో మాట్లాడుకుని రెండు జట్లను బురిడీ కొట్టించారు. మేనేజరు సంబరపడిపోయాడు. మూడు పందేలు అయ్యేసరికి జట్టు రెండో స్థానంలో ఉంది.

నాలుగో పందెంలో చినుకు మొదలైంది. టైర్లు మార్చుకోను జట్టు షెడ్డు లోపటికి రావాల్నా అని రిత్విక్ అడిగాడు. ఇంకొక చుట్టు చూద్దామని శ్రీవాణి అనుకున్నది. "జర ఆగు," అన్నది.

కొంచెం ఓపిక పట్టమని అర్థం. హాలియా బస్టాండులో ఏ పసిపిల్లను అడిగినా చెబుతుంది. రోడ్డు మీద పోయే బండికి చెబితే మాత్రం ఆ మాటకు ఇంకొక అర్థం ఉంది, బండి ఆపమని. ఆ రెండో అర్థం పట్టుకునే రిత్విక్ ఆసుపత్రిలో కళ్లు తెరిచాడు.

"లోపటికి రాకు, జర ఆగు అన్న," అన్నది శ్రీవాణి. "వానికి ఎర్కే. మూడు పందేలసంది గదే మాట అంటున్న. ఒక్కనాడన్న నడి రోడ్డు మీద బండి ఆపిండా?"

రిత్విక్ తల తిప్పుకున్నాడు.

లింగయ్య కోడలి ముందుకు వచ్చి నిలబడ్డాడు. తిన్నగా ఒకే మాట అడిగాడు. "నువ్వు అన్నంక తొక్కిండా, అనకముందు తొక్కిండా?"

శ్రీవాణి రిత్విక్‌ను చూసింది. తన పెళ్లినాటికి పద్దెనిమిదేళ్లవాడు, ఊరేగింపు కారు నేనే నడుపుతానని పంతం పట్టిన పిల్లవాడు. వాడి మీద ఆమెకు ప్రేమ ఉంది. ఆ ప్రేమే ఇంతదాకా నోరు నొక్కింది.

"ముందే తొక్కిండు మామా. సెకనున్నర ముందు. నా కంప్యూటర్ల గీత ఉండె."

నాగరాజు చెయ్యి లేచింది. ఆ దెబ్బకు శ్రీవాణి బల్ల అంచు మీద పడింది. కింది పెదవి చీలి నెత్తురు గదవ మీదికి కారింది. ఎనిమిదేళ్ల సంసారంలో అతను చెయ్యి చేసుకోవడం అదే మొదలు. మొదటిసారి కాబట్టి అతనే ముందు బెదిరిపోయాడు. బెదురు కనపడకుండా గొంతు పెంచాడు.

"ఇంటి మనిషివై ఇంటోన్నే బొందపెడతవా?"

లింగయ్య కోడలిని లేపుతాడేమో అనుకుంటాం. లేపలేదు. ఆయన మొహం గట్టిపడింది. తన కొడుకు గట్ల తొక్కడని, తొక్కినోడు తన కొడుకే కాడని అన్నాడు. గీత చూపించమన్నాడు. బల్ల మీద ముక్కలున్నాయి. ఉన్నది చూపించలేనిదానివి లేనిది ఎందుకు చెబుతున్నావని నిలదీశాడు. విచారణ అయినంక నల్గొండకు పోయి మీ బాపు దగ్గర నాలుగు రోజులు ఉండి రమ్మన్నాడు. నాలుగు రోజులంటే ఎన్ని రోజులో ఆ గదిలో అందరికీ తెలుసు.

పుష్పమ్మ చీపురు పక్కన పెట్టి, మగ్గం గుంత కాడినుంచి తెచ్చి కారు పందేలదాకా పంపితే ఇదా ఫలం అని గొణిగింది. పంపింది ఆమె కాదు. శ్రీవాణి చదువుకుని పోయింది. ఆమె చెయ్యి పట్టుకునే రిత్విక్‌కు ఆ జట్టులో చోటు దొరికింది. ఈ మాట అనవలసినవాడు నాగరాజు. అనలేదు.

*

శ్రీవాణి కొళాయి దగ్గర నోరు కడుక్కుని వచ్చింది. ఎవరేమన్నా సంతకం పెట్టనని, పదిమంది కలిసి కొట్టినా పెట్టనని చెప్పింది.

"పెట్టే పని లేదు," అన్నాడు నాగరాజు. "పొద్దుగాలనే పోయింది."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను గోడ వైపు చూస్తూ మిగతాది చెప్పాడు. ఆమె తానానికి పోయినప్పుడు ఆమె ల్యాప్‌టాప్ నుంచే, ఆమె పేరు మీదనే, ఆమె సంతకం అంటించి పంపించాడు. ఏడు గంటలకు ముట్టినట్టు జవాబు కూడా వచ్చింది. ఆ తరవాతే, ఏమీ ఎరగనట్టు ఆమె పక్కన కూర్చుని గీత చూశాడు.



శ్రీవాణి వంగి కింద పడి ఉన్న చంకకర్ర తీసుకుంది. రెండు చేతులతో ఎత్తి మొగుని భుజం మీద కొట్టింది. ఎముక చప్పుడయింది. నాగరాజు కేక పెట్టి గోడకు ఒరిగాడు. రెండో దెబ్బ మెడ పక్కన పడింది. మూడోది లింగయ్య పట్టుకున్నాడు గానీ, పట్టుకోవడానికి ఆయనకు బలమంతా కావలసి వచ్చింది. నేను ఆమెను వెనకేసుకు రావడం లేదు. ఆ నిమిషాన ఆమె మొగుణ్ని చంపి ఉండేది. ఆ సంగతి ఆమెకూ తెలిసింది. కర్ర వదిలేసి తన చేతులను తానే భయంగా చూసుకుంది.

"నా పేరు గది," అన్నది. "నీ లారీ మీద రాసుకునే పేరు గాదు."

నాగరాజు భుజం పట్టుకుని ఏడ్చాడు. తమ్ముని కోసమే చేశానన్నాడు. అది నిజమే. నిజమైనంత మాత్రాన ఒక్క అక్షరం కూడా మారదు.

*

ఒంటిగంటన్నరకు శ్రీవాణి తన ఫోనును నీళ్ల సీసాకు ఆనించి బల్ల మీద నిలబెట్టింది. తెర మీద నెరిసిన జుట్టు ఉన్న ఒక ఆడమనిషి కనపడింది. విచారణ అధికారి. ఆమె శ్రీవాణి చీలిన పెదవిని చూసి క్షేమంగా ఉన్నారా అని అడిగింది. ఉన్నానని శ్రీవాణి అన్నది. ఇంగ్లీషులోనైనా తెలుగులోనైనా ఆ అబద్ధం ఒక్కతీరే.

అధికారి నాలుగు వాక్యాలూ చదివింది. ఇవి మీవేనా అని అడిగింది.

కావని, తన పేరు మీద వేరేవాళ్లు పంపారని శ్రీవాణి చెప్పింది. ఎవరని అధికారి అడిగేలోపలే నాగరాజు మధ్యలోకి వంగాడు. భార్యకు ఒంట్లో బాగాలేదని, భయపడుతున్నదని, పొద్దున రాసింది తానే అయినా ఇప్పుడు కాదంటున్నదని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కాగితం సంగతి తరవాత చూస్తానని, ముందు డ్రైవరు మాట్లాడాలని అన్నది.

రిత్విక్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆపమన్నట్టు వినపడింది, ఆపానని అప్పజెప్పాడు. బాగానే చెప్పాడు. ఆరు వారాలు పడుకుని అదే చదివాడు మరి.

అధికారి తలాడించి ఇంకో కాగితం తీసింది. దెబ్బ తగలడానికి ముందు మూడు చుట్లలో రెనే కారు మీ కారును వెనకనుంచి మూడుసార్లు తాకింది, మా కెమెరాలో ఉంది, అప్పుడు మీరేమనుకున్నారని అడిగింది.

రిత్విక్ అన్న వైపు చూశాడు.

"ఏమడుగుతాంది?" అన్నాడు లింగయ్య.

శ్రీవాణి చెప్పింది. వెనకబండి మూడు మాట్ల తగిలిందట మామా, అప్పుడు నీ కొడుకు ఏమనుకున్నడని అడుగుతున్నది, అని.

లింగయ్య మొహంలో రంగు పోయింది.

సాగర్ రోడ్డు మీద ఆయన లారీ నడిపే రోజుల్లో బడికి సెలవిస్తే కొడుకులిద్దరూ క్యాబిన్‌లో ఉండేవాళ్లు. వెనక ఏ బస్సువాడో తోకకు తోక ఆనించి హారను కొడుతుంటే లింగయ్య నవ్వి, ఉత్తగనే కాలు ఒక్కసారి బ్రేకుకు ఆనించేవాడు. వెనక ఎర్రలైటు భగ్గుమనేది. బస్సువాడు గుండె జారి వెనక్కి తగ్గేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. మళ్లా జూపియ్యి బాపూ అని చిన్నవాడు మారాం చేసేవాడు. లారీ డ్రైవర్లు దాన్ని బ్రేకు చూపించుడు అంటారు. అరవై వేగంతో పోయే లారీల మధ్య అది ఆట.

ఆయన ఫోను సంగతి మరిచిపోయాడు. అధికారి సంగతి మరిచిపోయాడు. కొడుకు గదవ పట్టుకుని మొహం తన వైపు తిప్పుకున్నాడు.

"నిజం జెప్పు బిడ్డా. జూపిచ్చినవా?"

రిత్విక్ కళ్లు నిండాయి. ఆరు వారాలుగా అమ్మకు చెప్పనిది, అన్నకు చెప్పనిది, తండ్రి చేతిలో గదవ ఉండగా దాచలేకపోయాడు.

"జూపిచ్చిన బాపు," అన్నాడు. "నువ్వు జూపిచ్చినట్లే జూపిచ్చిన. తడి మీద జర గట్టిగ పడ్డది."

లింగయ్య గదవ వదిలేశాడు. రెండు చేతులతో తన చెంపలు తానే వాయించుకున్నాడు, ఒకటి, రెండు, మూడు, లెక్కలేకుండా. నాగరాజు పోయి ఆ చేతులు పట్టుకుంటే మోచేత్తో వాడి రొమ్ము మీద కొట్టి మళ్లీ వాయించుకున్నాడు. ముక్కులోంచి నెత్తురు వచ్చి తెల్లని బనీను మీద పడింది. ఆ పిల్లవాడి నడుము విరిచింది నేనే అని ఒకే మాట పదిసార్లు అన్నాడు.

తెర మీద అధికారి కుర్చీలోంచి సగం లేచింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తండ్రీకొడుకుల మధ్య ఏదో పెద్ద మాట జరిగిందని మాత్రం అర్థమైంది.

డ్రైవరు ఏమన్నాడని అడిగింది. ఏమీ లేదని, ఇంట్లో మాటలని నాగరాజు అన్నాడు. మిమ్మల్ని అడగలేదని ఆమె ఖచ్చితంగా చెప్పింది.

"మేడమ్, ఇదంతా రికార్డవుతున్నది. భాష తెలిసినవాళ్లను పెట్టి రేపు మళ్లీ వింటాం. కానీ మీ నోటితో ఇప్పుడే వినాలని ఉంది. ఆయన తండ్రితో ఏమన్నారు?"

రిత్విక్ బల్ల మీద తల ఆనించాడు.

పుష్పమ్మ వంటింటి గడప దాటి వచ్చింది. వచ్చి, పొద్దున మగ్గం గుంత అన్న నోటితో ఒక్క మాట కూడా అనకుండా, కోడలి కాళ్ల మీద పడింది. అత్త కోడలి కాళ్లు పట్టుకోవడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఆమె తల శ్రీవాణి పాదాల మీద ఆనింది. కన్నీళ్లు వేళ్ల సందుల్లోకి జారాయి. శ్రీవాణి లెవ్వమని వంగి భుజాలు పట్టుకుంది. పుష్పమ్మ లేవలేదు.

అధికారి రెండోసారి అడిగింది.

శ్రీవాణి నిలువుగా నిలబడింది. పెదవి మీద ఆరిన నెత్తురు నాలుకకు తగిలింది.

"ఆ మాటకు మీ భాషలో సరైన మాట లేదు," అన్నది ఇంగ్లీషులో. "విడమరిచి చెప్పాలి. కొంచెం సేపు పడుతుంది."

"ఎంత సేపైనా సరే," అన్నది అధికారి, కలం అందుకుంటూ. "మొదటినుంచి చెప్పండి."

పుష్పమ్మ ఇంగ్లీషు రాని మనిషి. కోడలు దాచడానికి ఒప్పుకుందో లేదో తెలియక, కాళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంది.